నెలకో ఫోటో చొప్పున 41 తీశాను, అమ్మ ఒంటరితనం ఒక్కదాంట్లోనూ లేదు

తూర్పువాకిలి | 2025 జనవరి 19, ఆదివారం

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఈ ఫోరంలో చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ రాయకుండా ఉండలేకపోయాను.

2021 మేలో నాన్న పోయారు. అప్పట్నుంచి అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటోంది. పాలకొల్లు దగ్గర పల్లెటూరు మాది. హైదరాబాదు వచ్చెయ్యమ్మా అంటే, "ఆ అపార్ట్‌మెంట్లో నాకు ఊపిరాడదురా, ఇక్కడే ఉండనీ" అంటుంది. నెలకోసారి వెళ్లి వస్తుంటాను. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి, వెళ్లినప్పుడల్లా పెరటి వసారాలో నాన్న పడక్కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి ఒక ఫోటో తీస్తున్నాను. అదే గోడ, అదే 50 ఎంఎం లెన్సు, ఉదయం తొమ్మిదింటి వెలుగు. ఒక్క నెల కూడా తప్పలేదు. మొన్న సంక్రాంతికి తీసింది 41వది.

నిన్న అన్నీ చిన్న ప్రింట్లు వేయించి హాల్లో నేల మీద వరసగా పరిచాను. జుట్టు నెరిసింది. శుక్లాల ఆపరేషన్ తర్వాత కళ్లజోడు మారింది. చేతి గాజు మణికట్టు దగ్గరే ఉండేది, ఇప్పుడు చెయ్యి ఎత్తితే మోచేతి దాకా జారిపోతోంది. కాలం అయితే కనబడుతోంది. కానీ నేను ఇది మొదలుపెట్టింది ఆమె ఒంటరిగా ఎలా బతుకుతోందో చూపించాలని. అదే లేదు. 41 ఫోటోల్లోనూ ఇస్త్రీ చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, పెళ్లికి వెళ్తున్నట్టు ఉంది. నవ్వుతోంది కూడా.

నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను? వెలుగులోనా, ఫ్రేములోనా?

పాత_రోలికార్డ్ | జనవరి 19

బాబూ, ముందు ఒక మాట. 41 నెలలు ఒక్కటీ తప్పకుండా తీయడం మాటలు కాదు. రాజమండ్రిలో 34 ఏళ్లు స్టూడియో నడిపాను. సొంత పిల్లల్ని కూడా అంత క్రమంగా తీయలేదు నేను.

ఇలాంటి వరస ఫోటోల్లో పద్ధతి ఒక్కటే: మారకూడనివన్నీ బిగించెయ్యాలి. అప్పుడే మారేది కంటికి కనబడుతుంది. కుర్చీ కాళ్ల కింద గుర్తులు పెట్టుకున్నావా? ట్రైపాడ్ ఎత్తు రాసి పెట్టుకున్నావా? వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగుల సర్దుబాటు) ఆటోలో వదిలేస్తే ఒక నెల గోడ పసుపుగా, ఇంకో నెల నీలంగా వస్తుంది. చూసేవాడి కళ్లు ముఖాన్ని వదిలేసి గోడ మీదకి పోతాయి. ప్రింటు వేసేటప్పుడు రెండు కళ్లూ అన్ని ఫోటోల్లో ఒకే గీత మీదకు తెచ్చుకో.

నికొలస్ నిక్సన్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ పని చూడు. 1975లో తన భార్య బీబీనీ, ఆమె ముగ్గురు అక్కచెల్లెళ్లనీ నిలబెట్టి 8x10 అంగుళాల ఫిల్ము వాడే పెద్ద కెమెరాతో ఒక నలుపు తెలుపు ఫోటో తీశాడు. ఆ తర్వాత ఏడాదికొకటి చొప్పున నాలుగు దశాబ్దాలు దాటి తీస్తూ వచ్చాడు. ఎడమ నుంచి కుడికి నలుగురి వరసా ఎప్పుడూ మారదు: హెదర్, మిమి, బీబీ, లారీ. మొదటి ఫోటో నాటికి మిమికి 15 ఏళ్లు, బీబీకి 25. వాటిల్లో నవ్వు చాలా తక్కువ. నువ్వూ అమ్మని నవ్వమని అడగకు.

తూర్పువాకిలి | జనవరి 20

గురువుగారూ, కుర్చీ కాళ్ల దగ్గర పెయింటుతో నాలుగు తెల్ల చుక్కలు పెట్టానండి. వెళ్లగానే కుర్చీని ఆ చుక్కల మీదకు జరపడమే నా మొదటి పని. నవ్వమని నేనెప్పుడూ అడగలేదు. తనే నవ్వుతుంది.

సీతాఫలం | జనవరి 20

మీరు వెళ్లిన రోజు ఆవిడ ఒంటరిగా లేరు కదండీ. కొడుకు వచ్చాడు, ఎదురుగా నిలబడ్డాడు, అందుకే నవ్వుతున్నారు. అక్కడ లేనిది కెమెరాకు ఎక్కడ దొరుకుతుంది?

తూర్పువాకిలి | జనవరి 20

ఈ మాట చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మూడేళ్లలో నాకు ఒక్కసారీ తట్టలేదు.

అలాగైతే ఒక వైఫై కెమెరా కొని వసారాలో పైన బిగిస్తే? రోజూ ఒకే టైముకి దానంతటదే ఒక ఫోటో తీస్తుంది. నేను లేనప్పుడు ఎలా ఉంటుందో అప్పుడు కనబడుతుంది కదా.

సీతాఫలం | జనవరి 21

దయచేసి ఆ పని చెయ్యకండి. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

అమ్మ పోయాక నాన్నగారు తెనాలిలో ఒక్కరే ఉండేవారు. ఒకసారి బాత్రూములో జారి పడ్డారు. మాకు టెన్షన్ పట్టుకుంది. అన్నయ్య వెళ్లి హాల్లో ఒకటి, వంటింటి గుమ్మం మీద ఒకటి కెమెరాలు పెట్టించాడు. నేను బెంగళూరు ఆఫీసులో కూర్చుని గంటకోసారి ఫోన్లో చూసేదాన్ని. రెండు వారాల తర్వాత గమనించాను, నాన్న భోజనం చేయడం ఎక్కడా కనబడటం లేదు. కంగారుపడి పక్కింటి పిన్నిగారికి ఫోన్ చేస్తే ఆవిడ చెప్పారు: కంచం పట్టుకుని వీధి అరుగు మీద కూర్చుని తింటున్నారట. ఎండలో. అక్కడికి కెమెరా అందదు కాబట్టి.

మేము ఆయన్ని చూసుకుంటున్నాం అనుకున్నాం. ఆయనేమో చూపు తప్పించుకోవడానికి తన ఇంట్లోంచి తనే బయటికొచ్చేశారు. ఆ ఆదివారమే వెళ్లి రెండూ విప్పించేశాం.

నిశిరాత్రి_షిఫ్టు | జనవరి 21, రాత్రి 2.40

సీతాఫలం గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మరి ఒంటరితనాన్ని ఫోటోలో పట్టుకున్నవాళ్లే లేరా అంటే ఒకాయన ఉన్నాడు. కాస్త పొడవుగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పేరు టెచింగ్ షియే. 1950లో తైవాన్‌లో పుట్టాడు. 1974లో ఓడలో పని చేస్తూ అమెరికా తీరానికి చేరి, ఓడ దిగి తప్పించుకుపోయాడు. కాగితాలు లేవు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. న్యూయార్క్ హోటళ్లలో గిన్నెలు కడిగి, నేల తుడిచి బతికాడు. ఆ బతుకునే పట్టుకుని, ఒక్కోటి ఏడాది పాటు సాగే కళారూపాలు చేశాడు.

మొదటిది 1978 సెప్టెంబరు నుంచి 1979 సెప్టెంబరు దాకా. తన స్టూడియోలోనే చెక్క ఊచలతో ఒక పంజరం కట్టుకున్నాడు. పదకొండున్నర అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. ఒక మంచం, చేతులు కడుక్కునే తొట్టి, ఒక బకెట్టు, లైటు. అంతే. ఏడాది పాటు మాట్లాడకూడదు, చదవకూడదు, రాయకూడదు, రేడియో వినకూడదు, టీవీ చూడకూడదు. తనే పెట్టుకున్న షరతులు. లోపలికి వెళ్లేముందు గుండు చేయించుకున్నాడు. రోజూ అతని ఫోటో ఒకటి తీసేవారు. వరసగా చూస్తే జుట్టు మొలిచి, చెవులు దాటి, భుజాల మీదకు దిగుతుంది. ఆ ముఖంలో ఇంకేమీ జరగదు.

ఇక్కడ మన చర్చకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఆ ఫోటో తీసింది ఎవరు? ఒక స్నేహితుడు. రోజూ అన్నం తెచ్చిపెట్టి, బకెట్టు తీసుకెళ్లి, ఒక ఫోటో తీసి వెళ్లిపోయేవాడు. ఇద్దరి మధ్యా మాట లేదు. ఏడాదిలో ఒక్కరోజు అతను రాకపోతే ఫోటో ఉండదు, తిండీ ఉండదు. నేను ఆ ఫోటోలు చూసినప్పుడల్లా లోపల ఉన్నవాడి కంటే బయట నిలబడ్డవాడి గురించే ఆలోచిస్తాను. ఒంటరితనానికి రుజువు కావాలన్నా రోజూ ఒక మనిషి వచ్చి వెళ్లాల్సిందే.

రెండోది దీనికి తిరగబడిన పని. 1980 ఏప్రిల్ 11 నుంచి 1981 ఏప్రిల్ 11 దాకా. ఫ్యాక్టరీల్లో పనివాళ్ల హాజరు టైము కార్డు మీద గుద్దే, గడియారం ఉన్న పంచింగ్ మెషీన్ ఒకటి గోడకు బిగించి, ప్రతి గంటకూ, రాత్రీ పగలూ, కార్డు పంచ్ చేశాడు. చేసిన ప్రతిసారీ 16 ఎంఎం సినిమా కెమెరా ఒక్క ఫ్రేము తీస్తుంది. ఒంటి మీద కార్మికుల బూడిదరంగు యూనిఫాం. మళ్లీ గుండుతోనే మొదలు. ఏడాదికి 8,760 గంటలు. గంట మించి నిద్రపోయే వీల్లేదు, గంట దూరం దాటి వెళ్లే వీల్లేదు. ఇందులో స్నేహితుడు లేడు, మెషీన్ మాత్రమే ఉంది. మొదటిదాని కంటే ఇదే నాకు భయం వేస్తుంది. నేను పదకొండేళ్లుగా రాత్రి షిఫ్టు చేస్తున్నాను. మూడింటికి లేచి ఖాళీ కారిడార్లో నడుస్తుంటే గోడకున్న అటెండెన్స్ మెషీన్ వెలుగు ఒక్కటే ఉంటుంది. ఆయన కళ్ల కింద నలుపు ఏమిటో నాకు తెలుసు.

పాత_రోలికార్డ్ | జనవరి 21

ఈయన సంగతి నాకు తెలియదు, వెతికి చూశాను. గంటకో ఫ్రేము అంటే రోజుకి 24. సినిమా ఆడేది సెకనుకి 24 ఫ్రేములు. అంటే ఒక రోజు ఒక్క సెకనులో అయిపోతుంది, ఏడాదంతా కలిపి ఆరు నిమిషాలు. అది చూస్తుంటే మనిషి వణికిపోతున్నట్టు ఉంటుంది, గడియారం ముళ్లు గిర్రున తిరుగుతుంటాయి, జుట్టు మాత్రం నింపాదిగా పెరుగుతుంది.

అయినా నా మనసుకి వీడియో కంటే గోడ మీద అంటించిన ఫోటోలే ఎక్కుతాయి. వీడియోలో కాలం పరుగెత్తుతుంది, ఒంటరిగా ఉన్నవాడికి కాలం పరుగెత్తదు. గోడ మీదైతే చూసేవాడు ఒక్కో రోజు దగ్గరా ఆగి, పక్కకు అడుగు వేసి, మళ్లీ ఆగాలి. కాళ్లు నొప్పి పుడతాయి. పుట్టాలి కూడా.

జగిత్యాల_టు_షార్జా | జనవరి 22

అన్నా, నిశిరాత్రి అన్న రాసింది రెండుసార్లు చదివిన. కాగితాలు లేకుండా బతికిన మనిషి అంటే మాకు కొత్తగా చెప్పే పని లేదు. ఆయనకు తర్వాత కాగితాలు వచ్చినయా?

నిశిరాత్రి_షిఫ్టు | జనవరి 22

వచ్చాయి తమ్ముడూ. 1988లో అమెరికా ఆమ్నెస్టీ (కాగితాలు లేనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే క్షమాభిక్ష) కింద. అంటే ఈ పనులన్నీ చేస్తున్నప్పుడు ఆయన దొంగచాటుగా బతుకుతున్న మనిషే.

జగిత్యాల_టు_షార్జా | జనవరి 22

ఆమ్నెస్టీ అన్న మాట మా క్యాంపుల్లో చదువురాని వాళ్లకు కూడా తెలుసు.

తూర్పువాకిలి అన్నా, నా ఫోటోల సంగతి చెప్త. నేను కళాకారుణ్ని కాదు, ఏసీ డక్టుల పని చేస్త. 2019ల ఇక్కడికి వచ్చినప్పుడు ఇంటామె ఒక్కటే అడిగింది, శుక్రవారం శుక్రవారం ఒక ఫోటో పంపు అని. మా రూముల ఎనిమిది మందిమి, రెండంతస్తుల మంచాలు నాలుగు. నా మంచం మీద కూర్చొని సెల్ఫీ తీసి పంపేటోణ్ని. ఎప్పుడూ ఒకే తీరు, ఎందుకంటే కూర్చునే జాగా అదొక్కటే.

2020 మార్చిల విమానాలు బందైనయి. పని బందైంది. క్యాంపు గేటు మూసిండ్రు. అప్పుడు కూడా ప్రతి శుక్రవారం ఫోటో పంపిన. బాగానే ఉన్న అని రాసేటోణ్ని, ముఖం కూడా బాగానే పెట్టేటోణ్ని. మే నెలల మనోళ్లను ఇంటికి తీస్కపోయే వందే భారత్ విమానాలు మొదలైనయి. రూముల ఒక్కొక్కరు పోవుడు మొదలుపెట్టిండ్రు. నా పేరు రాలేదు.

ఆగస్టుల ఒకరోజు ఇంటామె ఫోన్ చేసి ఏడ్చింది. ఏమైందే అంటే, "నీ వెనక మంచం మీద సూట్‌కేసులు లేవు" అన్నది. ఆమె ఫోటోలన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరుపుకుంట చూసిందట. మొదట వెనక మూడు సూట్‌కేసులు, ఆరిన బట్టలు, ఒకరి కాళ్లు. తర్వాత రెండు సూట్‌కేసులు. తర్వాత ఒకటి. ఆఖరికి ఒట్టి పరుపు. నేను ఒక్క మాట చెప్పలేదు అన్నా. నా ముఖం కూడా చెప్పలేదు. వెనక మంచం చెప్పింది.

మీరు అమ్మ ముఖం ఒక్కటే చూస్తున్నట్టున్నరు.

సీతాఫలం | జనవరి 22

తమ్ముడూ, మీ ఆవిడ చూసినట్టు ఫోటోలు చూడటం ఎవరు నేర్పుతారు? ఇప్పుడెలా ఉన్నారు మీరు?

జగిత్యాల_టు_షార్జా | జనవరి 22

మంచిగున్న అక్కా. 2020 నవంబరుల ఇంటికి పోయిన, తర్వాత మళ్లీ వచ్చిన. ఇప్పుడు రూముల నలుగురమే.

నిశిరాత్రి_షిఫ్టు | జనవరి 23, తెల్లవారుజాము 4.10

షార్జా తమ్ముడు రాసింది చదివాక మిగతా పేర్లు చెప్పబుద్ధి కావడం లేదు. అయినా ఒక సంగతి మిగిలిపోయింది, తప్పిపోయిన ఫోటోల గురించి.

షియే 8,760 గంటల్లో 133 సార్లు పంచ్ తప్పాడు. వాటిని దాచలేదు, లెక్క కట్టి పెట్టాడు. 94 సార్లు నిద్రపోయి, 29 సార్లు ఆలస్యమై, 10 సార్లు ముందే కొట్టేసి. నాకైతే ఆ 94 దగ్గరే మనిషి దొరుకుతాడు. కార్ల్ బేడెన్ అని బోస్టన్‌లో ఇంకొకాయన ఉన్నాడు. 1987 ఫిబ్రవరి 23 నుంచి రోజూ తన ముఖం ఫోటో తీసుకుంటున్నాడు. అన్ని ఏళ్లలో తప్పింది ఒక్కరోజు, 1991 అక్టోబరు 15. ఆ తేదీ ఆయన పని గురించి మాట్లాడేవాళ్లందరికీ గుర్తు.

తూర్పువాకిలి గారూ, మీరు ఎలా తీయించినా సరే, తప్పిన రోజుని తప్పినట్టే ఉంచండి. పక్క ఫోటో జరిపి కప్పెయ్యకండి.

పాత_రోలికార్డ్ | జనవరి 23

నాకు ఇష్టమైన ఇంకొకాయన పేరు కూడా చెప్పనివ్వండి. రోమన్ ఒపాల్కా, పోలిష్ చిత్రకారుడు. 1965లో వార్సాలో నల్లటి కాన్వాస్ మీద తెల్ల రంగుతో 1 నుంచి అంకెలు వరసగా రాయడం మొదలుపెట్టాడు, 2011లో చనిపోయేదాకా రాశాడు. పది లక్షలు దాటాక, ఒక్కో కాన్వాస్‌కీ వెనక రంగులో ఒక శాతం తెలుపు కలుపుతూ పోయాడు. రోజు పని అయ్యాక అదే కాన్వాస్ ముందు, ఒకే రకం తెల్ల చొక్కాలో, ఒకే వెలుగులో తన ఫోటో తీసుకునేవాడు. జుట్టు తెల్లబడింది, వెనక కాన్వాస్ తెల్లబడింది, చివరికి తెలుపు మీద తెలుపు రాశాడు. ఆఖరి అంకె 56,07,249.

స్టూడియోలో ఎన్నో రోజులు ఒక్క గిరాకీ రాక, లైట్లు సరిచూసుకోవడానికి నా ఫోటో నేనే తీసుకునేవాణ్ని. ఆ నెగటివ్‌లు ఒక డబ్బాడు ఉన్నాయి. పనికిరానివని పక్కన పెట్టాను. ఈ ఆదివారం తీసి చూస్తాను.

తూర్పువాకిలి | జనవరి 26

నిన్న ఊరు వెళ్లి అమ్మతో మాట్లాడాను. కెమెరా బిగించడం మాట ఎత్తలేదు. పక్కింటి పాప ఏడో తరగతి చదువుతోంది, రోజూ పొద్దున్నే మా ఇంటికి పాలు తెచ్చిస్తుంది. నా పాత ఫోన్ ఆ పాపకిచ్చి, పాలు పోశాక అమ్మ ఎలా ఉంటే అలా ఒక్క ఫోటో తీయమంటాను, నీకు ఇష్టమేనా అని అడిగాను. పాప వాళ్ల అమ్మనీ అడిగాను.

అమ్మ అన్న మాట: "పాప తీస్తే తీయనీ. నువ్వు తీసేటప్పుడే చీర మార్చుకోవాలి."

ఫోటోలు పాప ఫోన్లోనే ఉంటాయి. అమ్మకు నచ్చనివి అమ్మే తీసేయిస్తుంది. మిగిలినవి ఉగాదికి వెళ్లినప్పుడు నేను చూస్తాను.

సీతాఫలం | జనవరి 26

ఇది బాగుంది. అడిగారు చూశారా, అది చాలా బాగుంది.

తూర్పువాకిలి | 2025 మార్చి 30, ఆదివారం

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. ఊళ్లోనే ఉన్నాను, వసారాలో కూర్చుని రాస్తున్నాను.

ఫిబ్రవరి 1 నుంచి నిన్నటిదాకా 57 రోజులు. 53 ఫోటోలు ఉన్నాయి. అమ్మ ఒక్కటీ తీసేయించలేదు. సగం ఫోటోలు వంకరగా ఉన్నాయి, కొన్నింట్లో పాప వేలు అడ్డొచ్చింది. గురువుగారూ, మీరు చెప్పిన నియమం ఒక్కటి కూడా లేదు వాటిల్లో. అమ్మ వెలిసిపోయిన నేత చీరలో, జుట్టు ముడి వేసుకుని ఉంది. నవ్వడం లేదు, బాధగా కూడా లేదు. పాపకేసి చూసే చూపు వేరే.

షార్జా తమ్ముడు చెప్పినట్టు ఈసారి ముఖం వదిలేసి మిగతావి చూశాను. ఇరవయ్యో ఇరవై ఒకటో ఫోటో దగ్గర తెలిసింది. పడక్కుర్చీ నా చుక్కల మీద లేదు. ఏ ఒక్కరోజూ లేదు. నేను పెరటి గోడ ముందు పెట్టి తీసే కుర్చీ, 53 ఫోటోల్లోనూ వసారా ఆ చివర, సందులోంచి వీధి గేటు కనబడే చోట ఉంది. గేటు వైపు తిప్పి ఉంది. అమ్మ అక్కడే కూర్చుంటుంది. నా నాలుగు తెల్ల చుక్కలు ఖాళీగా, కొన్ని ఫోటోల్లో ఒక మూల కనబడుతున్నాయి.

కుర్చీ కాళ్లు రోజూ ఒకే చోట ఆని ఆని గచ్చు మీద నాలుగు నున్నటి మచ్చలు పడ్డాయి. ఇవాళ వంగి చేత్తో తడిమి చూశాను. మూడేళ్లుగా నేను వచ్చిన ప్రతిసారీ ఆ కుర్చీని అక్కడి నుంచి లాక్కొచ్చి నా చుక్కల మీద పెట్టి ఫోటో తీశాను. నేను వెళ్లాక ఆమె మళ్లీ అక్కడికే జరుపుకుంటోంది. ఒక్కసారి కూడా చెప్పలేదు.

పాత_రోలికార్డ్ | మార్చి 30

గుర్తులు పెట్టుకున్నావా అని అడిగింది నేనే బాబూ. ఆ గచ్చు మచ్చలు దగ్గర నుంచి ఒక ఫోటో తియ్యి. అడ్డంగా పడే వెలుగులో, సాయంత్రం.

నిశిరాత్రి_షిఫ్టు | మార్చి 30

లేని ఆ నాలుగు రోజులూ ఏమయ్యాయి?

తూర్పువాకిలి | మార్చి 30

పాప వాళ్ల అమ్మమ్మ ఊరు వెళ్లిందట, మార్చి 7 నుంచి 10 దాకా. వాటి చోట తెల్ల కాగితాలే పెడుతున్నాను.

ఇప్పుడే వంటింట్లో క్యాలెండర్ చూశాను. పాల లెక్క కోసం అమ్మ రోజుకో టిక్కు పెడుతుంది. ఆ నాలుగు గళ్లలోనూ టిక్కు లేదు. పెన్సిలుతో చిన్న అక్షరాలతో రాసుకుంది: "పాప రాలేదు". మార్చి 11న టిక్కు కాస్త పెద్దగా ఉంది. ఆ కాగితాల బదులు క్యాలెండర్ గళ్లు పెట్టొచ్చా అని అమ్మని అడిగితే, పచ్చడి కలుపుతూ, "మార్చి అయిపోనీ, చింపి ఇస్తాను" అంది.

జగిత్యాల_టు_షార్జా | మార్చి 30

అన్నా, ఈసారి నెల ఫోటో ఎక్కడ తీస్తున్నరు?

తూర్పువాకిలి | మార్చి 30

గేటు దగ్గర నుంచి తమ్ముడూ. కుర్చీ జరపలేదు. ట్రైపాడ్ తీసుకుని నేనే గేటు అవతల రోడ్డు మీదకు వెళ్లాను.